బాబాయి రాజ్‌దూత్ 350ని ట్రాక్ ఎక్కించిన పద్నాలుగు నెలలు

మా బాబాయి 1986లో కొన్న రాజ్‌దూత్ 350, విజయవాడ పటమటలోని పాత ఇంటి రేకుల షెడ్డులో పద్దెనిమిదేళ్ళు కదలకుండా నిలబడి ఉంది. జపాన్ వారి యమహా ఆర్‌డి 350 నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి మన దేశంలో తయారుచేసి అమ్మిన బండి అది. పక్కపక్కనే రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు, 347 సిసి. ఊళ్ళో అందరూ దాన్ని ఆర్‌డి అని పిలిచేవారనీ, పెట్రోలు బంకు దగ్గర మాత్రం తానే దాన్ని వేరే పేర్లతో పిలిచేవాడిననీ బాబాయి ఇప్పటికీ చెబుతుంటాడు.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ క్లాసిక్ రేసింగ్ పేరుతో పాత బళ్ళను వాటి కాలంనాటి సామగ్రితోనే ట్రాక్ మీద పరిగెత్తిస్తారనీ, గాలితో చల్లబడే ఈ ఆర్‌డి కుటుంబం బళ్ళు అక్కడ నేటికీ పోటీల్లో కనిపిస్తాయనీ తెలిసినప్పటి నుంచి, షెడ్డులోని బండి నా కంటికి వేరేగా కనిపించసాగింది. 2021 డిసెంబరులో బాబాయిని అడిగాను.

"ఏం చేస్తావురా దాన్ని? అమ్ముకుంటావా?"

"ట్రాక్ మీద పరిగెత్తిస్తాను బాబాయ్."

"అయితే ముందు దానికి ఆగడం నేర్పు," అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో అప్పుడు నాకు అర్థం కాలేదు. పని మొదలుపెట్టేముందు నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. 1980లలో మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి. ఆ రోజుల్లో సొంత డబ్బుతో వచ్చిన ఒక మామూలు రైడరు తన బండికి ఏమేమి చేయించుకోగలిగేవాడో, నేను కూడా అంతవరకే చేయాలి. ముందు చక్రానికి డ్రమ్ బ్రేకు అలాగే ఉండాలి, డిస్క్ పెట్టకూడదు. ఇగ్నిషన్‌కు, అంటే ప్లగ్గులో నిప్పు పుట్టించడానికి, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాత పద్ధతి పాయింట్లే ఉండాలి, ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టకూడదు. చక్రాలు పాత 18 అంగుళాలవే. రైడరు భద్రతకు సంబంధించిన వస్తువులకు మాత్రం ఈ నియమం వర్తించదు. హెల్మెట్టు విషయంలో 1986ను గౌరవించవలసిన అవసరం లేదు. రెండో నియమం, ఒకసారి ఒకే మార్పు చేయాలి, చేసినదాన్ని పుస్తకంలో రాయాలి. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ఈ రెండో నియమాన్ని నేను ఒక్కసారే తప్పాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

బండి విప్పడానికి మూడు ఆదివారాలు పట్టింది. విప్పుతున్నకొద్దీ తెలిసిందేమిటంటే, నా ముందున్నది ఫ్యాక్టరీ చేసిన బండి కాదు, పదిహేడేళ్ళలో పదిమంది మెకానిక్కులు ఆ పూటకు గడిపేసిన మరమ్మతుల మూట. కుడి కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే మెయిన్ జెట్టూ ఎడమ కార్బొరేటర్‌లో ఉన్న జెట్టూ ఒకే నంబరువి కావు. గాలి పీల్చే రబ్బరు గొట్టం పగిలినచోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. క్లచ్ కవరు తీసేసరికి, గ్యాస్కెట్టు స్థానంలో ఎవరిదో పెళ్ళి శుభలేఖ అట్టను కత్తిరించి పెట్టి ఉంది. నూనెలో నానిన ఆ అట్ట మీద ‘శ్రీరస్తు’ అన్న అక్షరాలు ఇంకా స్పష్టంగా చదవగలిగేలా ఉన్నాయి. దాన్ని పారేయలేక నోట్‌బుక్‌లో పెట్టుకున్నాను. ఆ పేజీకి ఇప్పటికీ గేరాయిలు వాసన ఉంది.

పాత ఇనుము కొట్టు కాటా మీద ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ విడివిడిగా తూచి కలిపితే 152 కిలోలు వచ్చింది. లైట్లు, మడ్‌గార్డులు, స్టాండ్లు, ఆయిలు ట్యాంకు, కిక్ రాడ్డు వంటివన్నీ తీసేశాక, చివరికి 131 కిలోల దగ్గర ఆగింది. బరువు తగ్గించడం ఈ పనిలోకెల్లా సులువైన భాగం, ఖర్చు లేనిది కూడా.

పిష్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకు పని ఆటోనగర్‌లో చేయించాను. జవహర్ ఆటోనగర్ గురించి విజయవాడ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. లారీ ఛాసిస్ లోపలికి వెళ్తే బాడీతో, రంగుతో, హారన్‌తో సహా బయటికి వచ్చే చోటు అది. ఈ ఇంజనులో క్రాంకు ఒకే ముక్కగా ఉండదు. పిన్నులనూ పళ్ళేలనూ ప్రెస్‌తో ఒకదానిలోకి ఒకటి దిగ్గొట్టి కలిపినది. కనెక్టింగ్ రాడ్డు మార్చాలంటే మొత్తం విడదీసి మళ్ళీ కూర్చాలి, కూర్చినప్పుడు అది ఒకే ఇరుసు మీద తిన్నగా నిలవాలి. చిన్న బళ్ళ క్రాంకులు మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి నన్ను లేతు షాపు వాళ్ళే పంపించారు.

ఆయన క్రాంకును వి-బ్లాకుల మీద పడుకోబెట్టి, రెండు చివరలా డయల్ గేజీలు ఆనించి, ఒక వేలితో మెల్లగా తిప్పారు. ముల్లు లేచినచోట సుద్దముక్కతో చిన్న గీత గీశారు. క్రాంకును ఎడమచేతిలోకి తీసుకుని, ఆ గీత మీద రాగి సుత్తితో ఒకే దెబ్బ కొట్టి, మళ్ళీ బ్లాకుల మీద పెట్టారు. మళ్ళీ వేలు, మళ్ళీ గీత, మళ్ళీ దెబ్బ. మొదట 0.09 మిల్లీమీటర్లు ఊగుతున్న ఇరుసు గంటన్నర తర్వాత 0.02కు వచ్చింది. ఎంత బలంగా కొట్టాలో ఎలా తెలుస్తుందండీ అని అడిగితే, "గేజి చూసి కొట్టేది చోటు బాబూ. బలం చెవితో తెలుస్తుంది. ఖంగుమంటే పిన్ను పట్టు బాగున్నట్టు, డబ్‌మంటే వదులైనట్టు," అన్నారు. ఒక ముక్కలో మరో ముక్క ఎంత బిగువుగా పట్టాలో చెప్పే ఫిట్‌ల గురించి నా విద్యార్థులకు పదిహేనేళ్ళుగా పట్టికలు వేసి చెబుతున్నాను. ఆ ధ్వని గురించి ఒక్కసారీ చెప్పలేదు.

క్రాంకు చివర్లలో ఉండే రబ్బరు సీళ్ళను కొత్తవి వేశాం. టూ స్ట్రోక్‌లో ఈ చిన్న సీళ్ళు ప్రాణంతో సమానం, ఎందుకంటే పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంకు గదిలోనే నొక్కుకుని ఆ తర్వాత పైకి వెళుతుంది. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేరాయిలును పీల్చి తెల్లగా పొగ కక్కుతుంది; కంటికి కనిపిస్తుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. పాయింట్ల వైపు సీలు పోతే బయటి గాలిని పీలుస్తుంది, ఏ గుర్తూ ఇవ్వదు, మిశ్రమంలో పెట్రోలు వంతు తగ్గి పిష్టన్‌కు చిల్లు పడ్డాకే తెలుస్తుంది.

తర్వాత సిలిండర్లు. రాజ్‌దూత్ 350లో రెండు రకాలు వచ్చాయి: మొదట వచ్చిన హెచ్.టి. (హై టార్క్) రకం 30.5 అశ్వశక్తిది, మైలేజీ కోసం తర్వాత తెచ్చిన ఎల్.టి. (లో టార్క్) రకం 27 అశ్వశక్తిది. అసలు జపాన్ బండికి 39 ఉండేది. బాబాయిది ఎల్.టి. పైగా దాని సిలిండర్లు అప్పటికే మూడుసార్లు రీబోరు అయి, అంటే అరిగిన లోపలి గోడ కోయించుకుని వెడల్పు పెరిగి, అంచుకు వచ్చి ఉన్నాయి. హైదరాబాదు పుత్లీబౌలిలో మూడు శనివారాలు తిరిగాక, ఒక పాత స్పేర్‌పార్ట్స్ కొట్టు అటక మీద హెచ్.టి. సిలిండర్ల జత దొరికింది. అవి నిజంగా హెచ్.టి.వే అని నిర్ధారించుకోవడానికి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దినట్టే, సిలిండరు లోపల కాగితం చుట్టి పెన్సిలుతో రుద్ది పోర్టుల అచ్చు తీశాను. ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి స్కేలుతో కొలిస్తే, పొగ బయటికి వెళ్ళే పోర్టు పై అంచు బాబాయి సిలిండర్లలో కంటే పైకి ఉంది. అంటే త్వరగా తెరుచుకుంటుంది, ఎక్కువ వేగం దగ్గర ఊపిరి తీసుకోగలుగుతుంది. రెండు సిలిండర్ల అచ్చుల మధ్య అర మిల్లీమీటరు తేడా కూడా కనిపించింది. పోతపోసినప్పుడే వచ్చిన తేడా అది. చిన్న గ్రైండరుతో రెంటినీ సమానం చేయడానికి ఒక వారం పట్టింది.

64 మిల్లీమీటర్ల బోరును 64.50కి తీయించాను. పిష్టనుకూ గోడకూ మధ్య ఎంత సందు వదలాలని బోరింగు షాపులో అడిగితే, సర్వీసు పుస్తకంలో చూసి 0.045 మిల్లీమీటర్లు అని నేనే చెప్పాను. వాళ్ళు నేను చెప్పినంతే, కచ్చితంగా వదిలారు. ఈ అంకెను గుర్తుపెట్టుకోవలసిందిగా మనవి.

హెడ్డు కింద పిష్టను అంచుకు ఎంత ఎడం ఉందో తెలుసుకోవడానికి ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డరింగ్ తీగను లోపలికి వంచి, ఇంజనును చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగను మైక్రోమీటరుతో కొలిచాను. 1.6 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ ఎడం ఎక్కువైతే అంచున మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలి ఇంజను గిలగిల కొట్టుకుంటుంది. లేతు మీద హెడ్డు ముఖాన్ని అర మిల్లీమీటరు తీయించి 1.1కి తెచ్చాను.

సైలెన్సర్లు నా చేతులతో చేయాలని పట్టుబట్టాను. టూ స్ట్రోక్‌కు పొగగొట్టం ఇంజనులో సగభాగం. పొగతో పాటు పోర్టులోంచి ఒక పీడన తరంగం బయలుదేరుతుంది; గొట్టం వెడల్పయ్యే శంకువు దాన్ని పీల్చుడుగా వెనక్కి పంపి సిలిండరును ఖాళీ చేస్తుంది, ఆ తర్వాత సన్నబడే శంకువు దాన్నే నెట్టుడుగా వెనక్కి పంపి, పోర్టులోంచి తప్పించుకోబోతున్న కొత్త మిశ్రమాన్ని లోపలికి తోస్తుంది. ఇదంతా నిమిషానికి 8,500 చుట్ల దగ్గర జరగాలంటే ఒక్కొక్క చుట్టుకు ఉన్న సమయం సెకనులో వెయ్యింట ఏడు వంతులు. ఈ విద్యకు పదును పెట్టినవాడు తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. మోటారుసైకిళ్ళ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఆయన రైడరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటిపోయి సుజుకిలో చేరడంతో అది జపాన్‌కు చేరింది. ఒక్కొక్క గొట్టానికి ఏడు ముక్కల చొప్పున డ్రాయింగు షీటు మీద విప్పుపటం గీసి, రేకు మీదికి ఎక్కించి, కత్తిరించి, పాత నీళ్ళ పైపు మీద చుట్టి, గ్యాస్ వెల్డింగు చేయించాను. మొదటి జత బరువులోనూ ఆకారంలోనూ గుడిలో ఊదే బూరల్లా వచ్చింది; రెండో జత బండికి పెట్టుకోదగినట్టు ఉంది.

ఇక ఆగడం నేర్పే సంగతి. జపాన్ ఆర్‌డికి ముందు డిస్క్ బ్రేకు ఉండేది, మన బండికి డ్రమ్ పెట్టారు. ఆ డ్రమ్‌లో రెండు షూలూ చక్రం తిరిగే దిశలోనే ముందుకు వాలి పట్టుకుంటాయి కాబట్టి పట్టు బాగానే ఉంటుంది, కానీ డ్రమ్ము గుండ్రంగా ఉండాలి, రెండు షూలూ ఒకే క్షణంలో తాకాలి. డ్రమ్మును విడిగా తిప్పిస్తే లాభం లేదు. పుల్లలు బిగించాక అవి లాగే లాగుడుకు అది మళ్ళీ వంకరపోతుంది. అందుకని రిమ్ముతో, బిగించిన పుల్లలతో సహా మొత్తం చక్రాన్ని లేతు ఎక్కించాలి. మామూలు లేతుకు అంత పెద్ద చక్రం పట్టదు. ఆటోనగర్‌లో లారీ డ్రమ్ములు తిప్పే లేతు మీద ఒక మేస్త్రి గారు భోజన విరామంలో ఆ పని చేసిపెట్టారు. ఇంత చిన్న డ్రమ్మును చూసి పక్క షాపుల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. షూలకు కొత్త లైనింగు వేయించి, వాటిని కూడా డ్రమ్ము వంపుకు సరిగ్గా సరిపోయేలా తిప్పించాను. ఆ తర్వాత రెండు షూలనూ కలిపే చిన్న కడ్డీని సరిచేయడానికి ఒక సాయంత్రమంతా పట్టింది: లైనింగు మీద సుద్ద పూసి, చక్రం తిప్పి, బ్రేకు పట్టి, విప్పి, ఏ షూ మీద సుద్ద చెరిగిందో చూసి, కడ్డీని పావు చుట్టు తిప్పి, మళ్ళీ మొదలు. పదకొండోసారికి రెండు షూల మీదా సుద్ద ఒకేలా చెరిగింది.

ఈ రకం డ్రమ్ముకు ఒక గుణం ఉంది, బండి వెనక్కి దొర్లేటప్పుడు అది దాదాపు పట్టదు. పుస్తకంలో చదివాను. మొదటిసారి టాటా ఏస్ ట్రాలీలోకి పలక మీదుగా ఎక్కిస్తూ మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ముందు బ్రేకు పట్టుకుని ఆగినప్పుడు అనుభవానికి వచ్చింది. 131 కిలోలూ నన్ను తీసుకుని నెమ్మదిగా, మర్యాదగా కిందికి దిగాయి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. వెనక ఫోర్కు బుష్‌లకు గన్‌మెటల్‌వి తిప్పించాను. హ్యాండిల్ మెడలో గోళీలు తీసి టేపరు బేరింగులు వేశాను. నూనె కారే అవకాశమున్న ప్రతి బోల్టు తలకూ ఒకటిన్నర మిల్లీమీటరు రంధ్రం వేసి, అది విప్పుకోకుండా తీగ కట్టాను. ఆ పనికి ఇరవై మూడు డ్రిల్లు బిట్లు విరిగాయని పుస్తకంలో ఉంది.

ఆయిలు పంపు తీసేసి, ఆరు లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్ల చొప్పున రేసింగు ఆయిలు కలపడం మొదలుపెట్టాను. అది ఆముదంతో చేసిన ఆయిలు. క్యాస్ట్రాల్ అన్న పేరులోనే ఆముదం ఉందన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. వేడికి మిగతా నూనెలు పలచబడి జారిపోయేచోట ఆముదం లోహాన్ని వదలదు. దోషాలూ ఉన్నాయి: మామూలు మినరల్ ఆయిలుతో కలవదు, కలిపినది నాలుగు రోజులు నిలవ ఉంటే విడిపోతుంది, రింగుల దగ్గర జిగురు కడుతుంది. కళాశాల వెనక రోడ్డు మీద, ప్రిన్సిపాల్ గారి అనుమతితో ఒక ఆదివారం ఉదయం మొదటిసారి స్టార్టు చేసినప్పుడు, ఆ పొగ వాసనకు బాబాయి ముఖం చిట్లించాడు. "నెలకోసారి మా అమ్మ ముక్కు మూసి తాగించేదిరా దీన్ని. బండికి కూడా తప్పలేదన్నమాట," అన్నాడు.

పాయింట్లు రెండు సిలిండర్లకూ విడివిడిగా ఉంటాయి. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజి పెట్టి, పిష్టను పైకి చేరడానికి రెండు మిల్లీమీటర్ల ముందు నిప్పు పడాలని కంపెనీ లెక్క. నేను కొంచెం వెనక్కి తెచ్చి 1.9 దగ్గర పెట్టాను. ఆ రోజు ఇంజనును వేడి చేయడం, పూర్తిగా చల్లారనివ్వడం, మళ్ళీ వేడి చేయడం తప్ప మరేమీ చేయలేదు. రోడ్డు నాలుగు వందల మీటర్లే ఉండటంతో మూడో గేరు దాటే అవకాశం రాలేదు.

2022 జులైలో మొదటిసారి మద్రాసు మోటార్ రేస్ ట్రాక్‌కు వెళ్ళాం. శ్రీపెరుంబుదూరుకు వెళ్ళేదారిలో ఇరుంగాట్టుకోట్టై దగ్గర 1990లో మొదలైన ట్రాక్ అది. చుట్టు పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. విజయవాడ నుంచి దాదాపు 450 కిలోమీటర్లు. తడ దాటి, గుమ్మిడిపూండి దాటి, చెన్నైకి ముందే షోలవరం బోర్డు కనిపించినప్పుడు బాబాయి ట్రాలీ ఆపించి, టీ తాగుతూ హైవే పక్కన కాసేపు నిలబడ్డాడు. 1988లో ముగ్గురు స్నేహితులతో కలిసి ఆర్‌డి మీదే ఇక్కడికి రేసులు చూడటానికి వచ్చాడట. వస్తూ ఎంత పెట్రోలు తాగిందో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

ట్రాక్ డే నిర్వాహకులు పాత బళ్ళకు రోజులో నాలుగు సెషన్లు, ఒక్కొక్కటి పదిహేను నిమిషాలు కేటాయించారు. తనిఖీ చేసిన ఆయన తీగ కట్టిన బోల్టులన్నీ ఓపికగా చూసి, హ్యాండిలును ఎడమకు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ వదిలిపెట్టారు. అది వెంటనే వెనక్కి రాలేదు. కేబులు ట్యాంకుకూ ఫ్రేముకూ మధ్య నలుగుతోంది. అన్ని వందో వంతుల కొలతలు తీసిన నేను హ్యాండిలును చివరిదాకా తిప్పి చూడలేదు. కేబులును వేరే దారిలో తిప్పి మళ్ళీ చూపించేసరికి మొదటి సెషన్ సగం అయిపోయింది.

రెండో సెషన్‌లో ఆరు చుట్లు తిరిగాను. చుట్టుకు 2 నిమిషాల 31 సెకన్లు. నిమిషానికి 6,000 చుట్లు దాటాక ఇంజను గొంతు మారిపోయి, వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ముందుకు దూకడం అప్పుడే మొదటిసారి తెలిసింది. నా బూరలు పనిచేస్తున్నాయి. లోపలికి వచ్చి ప్లగ్గులు చూస్తే నల్లగా, తడిగా ఉన్నాయి, అంటే పెట్రోలు ఎక్కువ. తిన్నని దారిలో ఆరో గేరు అందనేలేదు.

ఇక్కడే నియమం తప్పాను. భోజనం వేళ పెట్రోలు తగ్గేలా మెయిన్ జెట్టును 180 నంబరు నుంచి 170కి దించాను, అదే సమయంలో వెనక స్ప్రాకెట్టు (చైను తిరిగే పళ్ళచక్రం) కూడా మార్చాను. ఆ పని ముగిసేసరికి మూడో సెషన్‌కు జెండా ఊపారు. వేడి చేయడానికి ఐదు నిమిషాలు కావలసినచోట ఒక్క నిమిషం చేసి బయలుదేరాను.

రెండో చుట్టులో, ఐదో గేరులో, ఇంజను ధ్వని ఒక్కసారి గరుకుగా మారింది. బాబాయి నాకు ఇచ్చిన సలహా ఒక్కటే: "టూ స్ట్రోక్ మీద కూర్చున్నప్పుడు ఎడమచేతి రెండు వేళ్ళు క్లచ్ మీంచి తీయకురా." తీయలేదు. వెనక చక్రం ఒకటి రెండు మీటర్లు కీచుమంటూ ఈడ్చుకుపోయిందేమో, ఆలోచన కంటే ముందే వేళ్ళు ముడుచుకున్నాయి. బండి నిశ్శబ్దంగా గడ్డిలోకి దొర్లి ఆగింది. గుండె చప్పుడు హెల్మెట్టులో వినిపించింది.

ట్రాక్ పక్కన బళ్ళు సిద్ధం చేసుకునే ప్యాడాక్‌లో హెడ్డు, సిలిండరు విప్పాం. నాతో వచ్చిన నా పూర్వ విద్యార్థి "జెట్టు తగ్గించాం కదా సార్, అదే," అన్నాడు. నేనూ ముందు అదే అనుకున్నాను. కానీ పెట్రోలు తక్కువై వేడెక్కిన పిష్టనుకు పొగ పోర్టు వైపు గీరుకుపోతుంది, పైభాగం తెల్లబడుతుంది. మా పిష్టన్ పైభాగం చక్కటి కాఫీ రంగులో ఉంది. పోర్టు వైపు గీతే లేదు. పిష్టనును కనెక్టింగ్ రాడ్డుకు కలిపే గుడ్జన్ పిన్నుకు అటూ ఇటూ, నాలుగు మూలల్లో, నాలుగు నిలువు చారలు మాత్రం వెండిలా మెరుస్తున్నాయి. పిన్ను పట్టే చోట పిష్టనులో లోహం దట్టంగా ఉంటుంది, అక్కడ ఎక్కువ ఉబ్బుతుంది. ఇనుప గోడ ఇంకా చల్లగా ఉండగానే అల్యూమినియం పిష్టను వేడెక్కి ఉబ్బి, నాలుగు మూలలా గోడను పట్టేసింది. సందు చాలలేదు. 0.045 అన్నది కంపెనీ పిష్టనుతో రోడ్డు మీద ఆఫీసుకు వెళ్ళే బండికి సరిపోయే కొలత. బజారులో దొరికిన వేరే పిష్టనుతో ట్రాక్ మీదికి వెళ్ళే బండికి కాదు. ఆ అంకె బోరింగు షాపు తప్పు కాదు, నాది. చలి ఇంజనును పరిగెత్తించిన తప్పూ నాదే. ఒకేసారి మూడు పనులు చేయకపోయి ఉంటే, ఆ చారలు కనిపించేదాకా రెండు గంటలపాటు జెట్టును నిందించి ఉండేవాణ్ణి కాను.

తిరుగు ప్రయాణంలో నెల్లూరు వచ్చేవరకు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. భోజనాల దగ్గర బాబాయి, "మా రోజుల్లో ఇది మూడుసార్లు పట్టేసింది. నీకు ఒక్కసారే కదా," అన్నాడు.

సిలిండర్లను హోనింగు చేయించి సందును 0.07కు పెంచాను. పిష్టన్ల మీది చారలను సన్నటి ఎమరీ కాగితంతో తీస్తే కుడిది బతికింది, ఎడమది మార్చాల్సి వచ్చింది. రింగుల మొనల సందు 0.3 మిల్లీమీటర్లు ఉండేలా ఆకురాయితో సరిచేశాను. ఇంజను తిరిగి కూర్చాక, కళాశాల రోడ్డు మీద ఆరు ఆదివారాలు ఓపికగా వేడి చేసి చల్లార్చాను. సిలిండరు రెక్కల మీద అరచేయి మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆనించలేకపోతేనే బయలుదేరాలన్నది కొత్త నియమం. పరికరం కొనవచ్చు, కానీ చేయి ఎప్పుడూ వెంట ఉంటుంది.

2023 ఫిబ్రవరిలో రెండోసారి వెళ్ళాం. తెల్లవారుజామున చలిగా ఉంది. గాలి చిక్కగా ఉన్నప్పుడు పెట్రోలు కూడా ఎక్కువ కావాలి కాబట్టి ఉదయం సెషన్‌కు 180 జెట్టుతోనే వెళ్ళాను. తిన్నని దారి చివర పూర్తి వేగంలో ఉండగానే క్లచ్ పట్టి, ఇంజను ఆపేసి, అలాగే దొర్లుకుంటూ వచ్చి ప్లగ్గు విప్పి చూశాను. ఆ వేగం దగ్గరి నిజమైన రంగు అలాగే తెలుస్తుంది. పింగాణీ అడుగున సన్నటి గోధుమరంగు వలయం. మధ్యాహ్నం ఎండెక్కి గాలి పలచబడ్డాక 170. స్ప్రాకెట్టు ఈసారి ముట్టుకోలేదు.

సందు పెంచినందుకు చలిగా ఉన్నప్పుడు పిష్టన్లు కొంచెం గలగలలాడతాయి, వేడెక్కాక సర్దుకుంటాయి. మూడో సెషన్‌కు 2 నిమిషాల 20 సెకన్లు వచ్చింది. ఆ సెషన్‌లో ఐదో చుట్టు నుంచి ముందు బ్రేకు లివరు మెల్లగా హ్యాండిలు దగ్గరికి రాసాగింది; డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతోంది. పరిగెత్తుతూనే కేబులు చివర ఉన్న మరను ఎడమచేత్తో సగం చుట్టు బిగించడం నేర్చుకున్నాను. 1980ల రైడర్లకు ఇది దినచర్య అయి ఉంటుంది. సెషన్ అయ్యాక చల్లారకముందే దాన్ని మళ్ళీ వదులు చేయకపోతే డ్రమ్ము ముడుచుకుని షూలను పట్టేస్తుందన్నది కూడా అప్పుడే, ట్రాలీ దాకా తోస్తుండగా తెలిసింది.

చివరి సెషన్‌కు ముందు బాబాయి తానే కిక్ రాడ్డు కోసం వెతికి, అది తీసేశామని గుర్తొచ్చి నవ్వి, బండిని మేం తోసి స్టార్టు చేశాక పక్కన నిలబడి ఐదు నిమిషాలూ యాక్సిలరేటర్ తానే ఆడించాడు. రెక్కల మీద చేయి పెట్టి చూసి, "వెళ్ళు," అన్నాడు. 2 నిమిషాల 17 సెకన్లు. లోపలికి వచ్చి హెల్మెట్టు తీసేసరికి బాబాయి స్టాప్‌వాచీ చూడటం లేదు, వంగి ఎడమ పొగగొట్టాన్ని చూస్తున్నాడు.

"మూడో గేరు ఆలస్యంగా వేస్తున్నావు. ఇక్కడ రేకు చీలింది, చూశావా?"

ఫ్రేముకు గొట్టాన్ని పట్టి ఉంచే పట్టీ దగ్గర వెల్డు అంచున వెంట్రుకవాసి పగులు, దాని చుట్టూ ఆముదం మసి నల్లగా చిమ్మి ఉంది. ఆ సాయంత్రం ట్రాలీ వెనక కూర్చుని పుస్తకం తెరిచి, 143వ పేజీలో రాశాను: ఎడమ గొట్టం పట్టీ, వెల్డు పగిలింది. గట్టిగా బిగించకూడదు, రబ్బరు వేయాలి. అది ఒక్కటే మార్చాలి.